ఆటల పేజీ నిష్పాక్షికత ఎవరి పక్షం?

జిల్లా ఎడిషన్‌లో వచ్చే ఆటల వార్త ఒకటి తీసి చదవండి. ఏ పత్రికైనా, ఏ జిల్లా అయినా పెద్ద తేడా ఉండదు. ‘జిల్లాస్థాయి కబడ్డీ పోటీలు ప్రారంభం’ అని శీర్షిక. ఎమ్మెల్యే గారు జ్యోతి వెలిగించారని మొదటి వాక్యం. గెలుపోటములను సమానంగా స్వీకరించాలని, క్రీడలు మానసికోల్లాసానికి దోహదపడతాయని ఆయన అన్నారని రెండో వాక్యం. ఆ తర్వాత అసోసియేషన్ అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, మున్సిపల్ చైర్మన్, స్పాన్సర్, ఇద్దరు ముగ్గురు పీఈటీల పేర్లు. ఫొటోలో వీళ్లంతా వరుసగా నిలబడి ఉంటారు. ముఖ్య అతిథి ఒక అమ్మాయికి చేయి కలిపి ‘పరిచయం’ చేసుకుంటూ ఉంటాడు. పరిచయమైన ఆ అమ్మాయి పేరు వార్తలో ఎక్కడా ఉండదు.

ఈ వార్త రాసిన విలేకరిని పట్టుకుని ‘ఇది నిష్పాక్షికమేనా?’ అని అడగండి. ఆశ్చర్యపోతాడు. ఎవరినీ తిట్టలేదు, ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదు, జరిగింది జరిగినట్టు రాశాను కదా అంటాడు. అతను అబద్ధం చెప్తున్నాడని నేను అనను. పదకొండు నెలల పాటు అలాంటి వార్తలు రాసినవాళ్లలో నేనూ ఒకణ్ని.

డిగ్రీ అయ్యాక, పీజీ సీటు రాకముందు, మా జిల్లాలో ఒక పత్రికకు కంట్రిబ్యూటర్‌గా చేశాను. జీతం ఉండదు, లైన్ అకౌంట్ ఉంటుంది. అచ్చయినదాన్ని కొలిచి నెలాఖరుకు లెక్క కట్టి ఇస్తారు. రాజకీయాలు సీనియర్లవి, క్రైమ్ ఇంకొకరిది. ఆటలు, జాతరలు, కాలేజీ ఫంక్షన్లు నావి. ఆ ఏడాది జూనియర్ బాలికల కబడ్డీ జిల్లా జట్టు సెలక్షన్స్‌కు వెళ్లాను. పొద్దున ఎనిమిదికి మొదలు కావాల్సినవి పదికి మొదలయ్యాయి. అరవై మందికి పైగా అమ్మాయిలు వచ్చారు. అందులో సగం మంది గురుకులాలు, సంక్షేమ హాస్టళ్ల పిల్లలు. పదకొండున్నరకు నా ఫోన్‌కు వాట్సాప్ వచ్చింది. పన్నెండు మంది పేర్లు, కోచ్, మేనేజర్ పేర్లతో సహా జిల్లా జట్టు జాబితా. అప్పటికి రెండో బ్యాచ్ ఇంకా కోర్టులోకి దిగనే లేదు.

‘తమ్మీ, లిస్టు పంపిన. ఎండల ఎందుకు నిలబడుడు, చాయ్ తాగి పో’ అన్నాడు కార్యదర్శి. ఆప్యాయంగానే అన్నాడు.

నేను మధ్యాహ్నం రెండు దాకా ఉన్నాను. ఎస్సీ హాస్టల్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి రైట్ కార్నర్‌లో ఆడింది. వచ్చిన రైడర్‌ను వచ్చినట్టు మడమ దగ్గర పట్టి పడేసింది. ఆట తెలిసినవాళ్లు ఎవరైనా ముందు రాసుకునే పేరు అది. నా ఫోన్‌లోని జాబితాలో ఆ పేరు లేదు. వెళ్లేముందు నా మెడలో ఐడీ కార్డు చూసి దగ్గరికొచ్చి అడిగింది: ‘అన్నా, రేపు పేపర్ల పేర్లు వస్తయా?’ వస్తయని చెప్పాను. సాయంత్రం ఆ పన్నెండు పేర్లనూ యథాతథంగా పంపించాను. ‘ప్రతిభ ఆధారంగా జట్టును ఎంపిక చేసినట్లు కార్యదర్శి తెలిపారు’ అనే వాక్యం కూడా ప్రెస్‌నోట్‌లో ఉన్నట్టే ఉంచాను. మర్నాడు సింగిల్ కాలమ్‌లో వచ్చింది.

నేను లంచం తీసుకోలేదు. ఆ చాయ్ కూడా తాగలేదు. మా ఆఫీసులో నీతి అంటే అంతవరకే: కవర్ ముట్టుకోవద్దు. ఆ లెక్కన ఆ రోజు నాకంటే నీతిమంతుడైన విలేకరి లేడు.

ఇది చిన్న విషయం అనుకునేవాళ్లకు ఒక మాట. జిల్లా జట్టులో ఉంటేనే రాష్ట్ర పోటీలకు వెళ్లేది. అక్కడ ఆడితేనే సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్ ఉంటేనే కాలేజీలో స్పోర్ట్స్ కోటా సీటు, ఆ తర్వాత ప్రభుత్వ కొలువుల్లో రెండు శాతం కోటాకు దరఖాస్తు. భూమి ఉన్న ఇంటి పిల్లలకు ఆట మానసికోల్లాసం కావచ్చు. భూమి లేని ఇంటి పిల్లకు అది పోలీసు ఉద్యోగం, రైల్వే ఉద్యోగం. ఒక పేరు తీసేసి ఇంకో పేరు పెట్టడం అంటే ఒక ఇంటి నుంచి కొలువును ఎత్తుకుపోవడం. పంచాయతీ కార్యదర్శి పోస్టుల జాబితా పరీక్ష అయిపోకముందే బయటికొస్తే మొదటి పేజీ వార్త అవుతుంది. కబడ్డీ జాబితా బయటికొస్తే మాత్రం సింగిల్ కాలమ్ అవుతుంది, అది కూడా కార్యదర్శి ఫొటోతో.

ఆటల పేజీ నిష్పాక్షికత అని పిలుచుకునేది నిజానికి ఆటను నిర్వహించేవాడి పక్షం. ‘తెలిపారు’, ‘పేర్కొన్నారు’, ‘అన్నారు’ అనే మూడు క్రియల మీద మన జిల్లా ఆటల వార్త నిలబడి ఉంది. ఈ క్రియలకు కర్తలెవరో చూడండి. ఎప్పుడూ అసోసియేషన్ మనుషులే. క్రీడాకారిణి ఎప్పుడైనా ‘తెలిపితే’ అది గెలిచాక, అమ్మానాన్నలకు, కోచ్‌కు, ప్రభుత్వానికి కృతజ్ఞతలు తెలపడానికే. ఓడించబడినవాళ్లకు, అంటే ఆడకముందే ఓడించబడినవాళ్లకు, ఈ వ్యాకరణంలో క్రియే లేదు.

కులం గురించి అడిగితే డెస్క్‌లో ఒక సమాధానం సిద్ధంగా ఉంటుంది. వార్తలో కులం పేరు రాయకూడదు, ప్రెస్ కౌన్సిల్ నియమావళి ఉంది అంటారు. ఆ నియమం ఉన్న మాట నిజం. కించపరిచే సందర్భంలో మనిషిని కులంతో గుర్తించవద్దని అది చెప్తుంది. దొంగతనం కేసులో నిందితుడి కులం రాయకుండా ఆపడానికి పెట్టుకున్న నియమాన్ని సెలక్షన్ కమిటీ కులం అడగకుండా ఆపడానికి వాడుకుంటున్నాం. బాధితుల్ని కాపాడే గొడుగు కింద ఇప్పుడు ఎవరు నిలబడి ఉన్నారో చూడండి.

ఈ చూపు కొత్తది కాదు. దీనికి నూరేళ్లు దాటాయి. పల్వంకర్ బాలూ పేరు మనలో చాలామందికి తెలుసు. చమార్ కుటుంబంలో పుట్టి, పుణేలో పార్సీల క్లబ్బులో పిచ్ దొర్లించే పనితో మొదలై, ఎడమచేతి స్పిన్నర్‌గా ఎదిగి, 1911లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టు తరఫున 114 వికెట్లు తీసినవాడు. పుణే హిందూ జట్టులో ఆయన బౌలింగ్ కావాలి కానీ ఆయనతో కలిసి టీ తాగడం కుదరదు. ఆయనకు మాత్రం మైదానం బయట, వాడి పారేసే మట్టి ముంతలో ఇచ్చేవాళ్లు. వికెట్ల లెక్క పత్రికలు రాసుకున్నాయి. ముంత సంగతి స్కోరు కార్డులో ఉండేది కాదు కాబట్టి అది ఆటల వార్త కాలేదు. 1906లో హిందూ జట్టు యూరోపియన్లను ఓడించినప్పుడు ఆ విజయాన్ని కులం ప్రశ్నతో కలిపి చూసింది ఇండియన్ సోషల్ రిఫార్మర్ అనే సంస్కరణవాద పత్రిక. గమనించండి, అది ఆటల పత్రిక కాదు.

1920లో బాలూను హిందూ జట్టు నుంచి తప్పించారు. తమ్ముడు విఠల్‌కు దక్కాల్సిన కెప్టెన్సీ ఇవ్వలేదు. విఠల్, శివరాం ఇద్దరూ జట్టులోంచి తప్పుకున్నారు, కారణం కులమేనని బాహాటంగా చెప్పారు. అప్పుడు గానీ అది వార్త కాలేదు. మూడేళ్ల తర్వాత, 1923లో విఠల్ కెప్టెన్ అయ్యాడు. బాలూ ఎన్నడూ కాలేదు. (1937లో బాలూ బాబాసాహెబ్ మీదనే పోటీ చేసి ఓడిపోయిన సంగతి నాకు తెలుసు. అది వేరే చర్చ. దానివల్ల మట్టి ముంత గాజు గ్లాసు అయిపోదు.)

అదే 1920 జనవరి 31న బాబాసాహెబ్ ‘మూక్‌నాయక్’ మొదలుపెట్టారు. పత్రిక వెలువడుతోందని ఒక ప్రకటన వేయండి, డబ్బు చెల్లిస్తాం అంటే కూడా తిలక్ ‘కేసరి’ వేయలేదు. ఉచితంగా వేయమని కాదు అడిగింది. పత్రికల నిష్పాక్షికత మీద మన పాఠం అక్కడ మొదలవుతుంది. జర్నలిజం స్కూళ్లలో మాత్రం మనకు వాల్టర్ లిప్‌మన్‌తో మొదలుపెట్టి చెప్తారు.

ఇప్పటికి వద్దాం. 2023 అక్టోబర్ 1న, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ ముగిసింది. తెలంగాణ అమ్మాయి అగసర నందిని 5712 పాయింట్లతో కాంస్యం గెలిచింది. బెంగాల్‌కు చెందిన స్వప్నా బర్మన్ 5708తో నాలుగో స్థానంలో ఉంది. తేడా నాలుగు పాయింట్లు. నందిని టీ అమ్మే తండ్రి బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. స్వప్న 2018లో ఇదే పోటీలో బంగారం గెలిచిన, రిక్షా తొక్కిన తండ్రి బిడ్డ. ఓడిన బాధలో స్వప్న సోషల్ మీడియాలో ఒక పోస్టు పెట్టింది. తన పతకం ఒక ట్రాన్స్‌జెండర్ మహిళకు పోయిందని దాని సారాంశం. ఆధారం ఏమీ చూపలేదు. తర్వాత ఆ పోస్టు తొలగించింది.

ఈ మధ్యలో వార్తా సంస్థలు చేసిందేమిటి? ఆరోపణను శీర్షిక చేశాయి. నందిని ఖండిస్తే దాన్ని ఇంకో శీర్షిక చేశాయి. ‘ఇరువైపులా’ రాశాం కాబట్టి నిష్పాక్షికంగా రాశాం అన్నాయి. ఇరవై ఏళ్ల అమ్మాయి శరీరానికి రెండు వైపులు ఏమిటి? అది చర్చకు పెట్టే అంశమా? అచ్చు వేయకముందు నిర్ధారించుకోవాలని చెప్పేది కూడా అదే ప్రెస్ కౌన్సిల్ నియమావళి. కులం రాయకూడదన్న నియమం గుర్తున్నవాళ్లకు ఇది ఎందుకు గుర్తుకు రాలేదు? గెలిచి ఊరికి తిరిగి రావాల్సిన పిల్ల, తాను ఆడపిల్లనేనని మైకుల ముందు చెప్పుకోవాల్సి వచ్చింది. ట్రాన్స్‌జెండర్ అనే మాటను తిట్టులాగా వాడి శీర్షికల్లో తిప్పడం ఇంకో నేరం, దాని గురించి ట్రాన్స్ మిత్రులు నాకంటే బాగా రాయగలరు. ఇద్దరూ పేదింటి ఆడపిల్లలే. వాళ్లను ఎదురెదురుగా నిలబెట్టి చూస్తూ కూర్చున్నది పత్రికలు.

తమిళనాడు దళిత రన్నర్ శాంతి సౌందరరాజన్ విషయంలో ఇదంతా ఒకసారి జరిగిపోయింది. 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల పరుగులో రజతం గెలిచింది. లింగ నిర్ధారణ పరీక్ష అన్నారు, ఫలితం మీడియాకు పొక్కింది, పతకం వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత ఆమె ఇటుక బట్టీలో కూలి పని చేసింది. గోప్యంగా ఉండాల్సిన వైద్య పరీక్ష సంగతిని అచ్చేసినవాళ్లకు అది ‘ఫ్యాక్ట్’. దాని పర్యవసానం మాత్రం ఆటల పేజీ పరిధిలోకి రాదు.

వందనా కటారియా సంగతి చూడండి. టోక్యో ఒలింపిక్స్‌లో 2021 జూలై 31న దక్షిణాఫ్రికా మీద హ్యాట్రిక్ కొట్టింది. ఒలింపిక్స్ హాకీలో భారత మహిళల్లో మొదటి హ్యాట్రిక్ అది. నాలుగు రోజులకు జట్టు సెమీఫైనల్లో అర్జెంటీనా చేతిలో ఓడిపోగానే, హరిద్వార్ దగ్గర రోష్నాబాద్‌లో ఆమె ఇంటి ముందు కొందరు బాణాసంచా కాల్చి కులం పేరుతో దూషించారు. ఎస్సీ, ఎస్టీ చట్టం కింద కేసు నమోదైంది. నేను అప్పుడు చూసిన పత్రికల్లో గోల్స్ ఆటల పేజీలో ఉన్నాయి, బాణాసంచా క్రైమ్ వార్తల్లో ఉంది. ఒకే మనిషిని రెండు పేజీలుగా చింపి పెట్టడం అంటే ఇదే. అదే వేసవిలో తమిళనాడు ప్రీమియర్ లీగ్ కామెంటరీలో సురేష్ రైనా తానూ బ్రాహ్మణుణ్నే అన్నాడు. అంతకుముందు ఏడాది యువరాజ్ సింగ్ ఇన్‌స్టాగ్రామ్ లైవ్‌లో తోటి ఆటగాడి గురించి మాట్లాడుతూ దళిత కులం పేరును తిట్టుగా వాడాడు. వీటిని మన ఆటల పేజీలు ‘వివాదం’ అన్నాయి. వివాదం అంటే ఇద్దరి మధ్య ఉండాలి. ఇక్కడ రెండోవాడు ఎవడు? ఆ తిట్టు తిన్న కులమా?

హైదరాబాద్‌కే రండి. 2020 డిసెంబర్ చివర్లో నాగోలులో ఒక క్రికెట్ టోర్నీ జరిగింది. బ్రాహ్మణులకు మాత్రమే. ఆధార్ కార్డు తెచ్చుకోవాలి, వేరే కులం ఆటగాళ్లకు ప్రవేశం లేదు అని పోస్టర్ మీదే అచ్చు వేసుకున్నారు. ఆ పోస్టర్ సోషల్ మీడియాలో తిరిగాకే అది వార్త అయింది. మైదానం బుక్ చేసుకుని, జట్లు రాసుకుని, కప్పులు కొనుక్కుని రెండు రోజులు ఆడినదాన్ని నగరంలో ఇంతమంది స్పోర్ట్స్ రిపోర్టర్లలో ఎవరూ ముందే ఎందుకు అడగలేదు? తెలియక కాదని నా అనుమానం. అందులో అసహజంగా ఏమీ కనిపించి ఉండదు.

హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ కథ ఇంకా పెద్దది. 2023లో సుప్రీంకోర్టు జస్టిస్ ఎల్.నాగేశ్వరరావును ఏకసభ్య కమిటీగా వేసింది. ఒకే మనుషులు, ఒకే కుటుంబాలు పలు క్లబ్బులను గుప్పిట్లో పెట్టుకుని ఓట్లు వేసుకుంటున్నారని తేల్చి యాభైకి పైగా క్లబ్బులను ఎన్నికల నుంచి పక్కన పెట్టారు. 2025 జూలైలో అప్పటి అధ్యక్షుడినే సీఐడీ అరెస్టు చేసింది. లీగ్ మ్యాచ్‌ల స్కోర్లు ఏళ్ల తరబడి రాసిన రిపోర్టర్లకు ఏ క్లబ్బు ఎవరిదో తెలియదా? బాగా తెలుసు. కొందరు రాశారు కూడా, వాళ్లకు నా నమస్కారం. కానీ రాసినవాడికి మర్నాడు ప్రెస్ పాస్ ఉండదు, ప్లేయర్ ఫోన్ ఎత్తడు, పోటీ పత్రికకు దొరికిన వార్త తనకు దొరకదు. కాబట్టి ఎక్కువమంది స్కోర్లే రాశారు. స్కోరులో తప్పు లేదు, అది నిష్పాక్షికం.

ఆంధ్ర వైపు చూస్తే నిష్పాక్షికత లేకపోవడానికి ఇంకో రూపం ఉంది. 2024 ఫిబ్రవరిలో హనుమ విహారి, రంజీ జట్టులో పదిహేడో ఆటగాడి మీద కేకలేసినందుకు, ఆ కుర్రాడి తండ్రి రాజకీయ నాయకుడు కావడంతో తనను కెప్టెన్సీ నుంచి తప్పుకోమన్నారని రాశాడు. ఆ కుర్రాడు తన వాదన తాను చెప్పాడు. ఎన్నికల ముందు నెలలు కదా, పార్టీలు దిగాయి, ఏ పార్టీ పత్రిక ఆ పార్టీ పాట పాడింది. నేను చదివినంతలో ఒక్కటి కూడా ఆంధ్ర రంజీ జట్టులో పదిహేడో స్థానం ఎవరికి, ఎలా దొరుకుతుందో, ఏ ఊళ్ల నుంచి, ఏ ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఎన్నడూ దొరకదో రాయలేదు. విహారికి అన్యాయం జరిగిందా లేదా అన్నదే ప్రశ్న అయింది. అది ప్రశ్నే, కాదనను. పదహారు టెస్టులు ఆడినవాడికి కనీసం ప్రశ్న అయ్యే హక్కు ఉంది.

వృద్ధిమాన్ సాహా విషయంలో కూడా అంతే. 2022 ఫిబ్రవరిలో ఇంటర్వ్యూ ఇవ్వలేదని ఒక ప్రముఖ స్పోర్ట్స్ జర్నలిస్టు బెదిరింపు ధోరణిలో పంపిన సందేశాలను ఆయన బయటపెట్టాడు. బీసీసీఐ కమిటీ వేసింది, ఆ జర్నలిస్టుపై రెండేళ్ల నిషేధం విధించింది. మంచిదే. నలభై టెస్టులు ఆడిన వికెట్ కీపర్‌కే అలా మాట్లాడగలిగిన పేనాకు, జిల్లా గ్రౌండ్‌లో బూట్లు లేని పిల్ల ముందు ఎంత బలం ఉంటుంది? అక్కడ బెదిరించాల్సిన అవసరం కూడా లేదు. పేరు రాయకపోతే చాలు.

ఇప్పుడు విలేకరి తరఫున కూడా మాట్లాడాలి. లేకపోతే ఇది నా పాత సహోద్యోగులకు అన్యాయం అవుతుంది. మండలాల్లో, నియోజకవర్గాల్లో తిరిగే స్ట్రింగర్లలో దళిత, బీసీ కుర్రాళ్లు ఎంతోమంది ఉన్నారు. లైన్ అకౌంట్ పెట్రోలుకు కూడా చాలదు. పైగా యాడ్ టార్గెట్ ఉంటుంది. పంద్రాగస్టుకు ఇంత, సంక్రాంతికి ఇంత, పత్రిక వార్షికోత్సవానికి ఇంత అని ఆ స్ట్రింగరే వసూలు చేసి పంపాలి. ఎవరిని అడుగుతాడు? అసోసియేషన్ అధ్యక్షుడు కూడా అయిన రియల్ ఎస్టేట్ వ్యాపారిని, ప్రైవేటు కాలేజీ యజమానిని. పొద్దున యాడ్ అడిగినవాణ్ని సాయంత్రం సెలక్షన్స్ గురించి ఏమని ప్రశ్నిస్తాడు? ఎన్నికల పెయిడ్ న్యూస్ మీద 2010లో ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం నివేదిక ఇచ్చింది. దాన్ని రాసిన ఇద్దరిలో ఒకరు మన తెలుగు జర్నలిస్టు కె.శ్రీనివాసరెడ్డి. ఆటల పేజీలో ఆ అమ్మకం ఏడాది పొడవునా జరుగుతుంది, ఎవరూ దాన్ని ఆ పేరుతో పిలవరు.

డెస్క్ వేరే లోకం. ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ 2019లో చేసిన అధ్యయనంలో న్యూస్‌రూమ్‌లలోని 121 నాయకత్వ స్థానాల్లో 106 అగ్రకులాలవని తేలింది. ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు. అది ఇంగ్లిష్, హిందీ మీడియా లెక్క. తెలుగు డెస్క్‌ల లెక్క ఎవరైనా తీయాలి. నేను చూసిన జిల్లా డెస్క్ లెక్క దానికి పెద్ద భిన్నంగా లేదని మాత్రం చెప్పగలను. ఎండలో నిలబడి జాబితా తెచ్చేవాడు మనవాడు. ఏది వార్త, ఏది ‘గొడవ’ అని తేల్చేది వాళ్లు. ‘ఫలానా అమ్మాయిని ఎందుకు తీసుకోలేదు’ అని నేను తర్వాతెప్పుడో రాసి పంపిన నాలుగు ముక్కలకు డెస్క్ నుంచి వచ్చిన ఫోన్ నాకు ఇంకా గుర్తుంది. ‘నీకు ఆ పిల్ల ఏమవుతుంది?’ అని అడిగారు. ఏమీ కాదు అన్నాను. నా ఇంటిపేరు, ఆ పిల్ల హాస్టల్ పేరు పక్కపక్కన పెట్టి చూసి అడిగిన ప్రశ్న అది. కార్యదర్శి జాబితాలో అధ్యక్షుడి కాలేజీ పిల్లలు ఉన్నప్పుడు ఆయనను ఎవరూ అడగని ప్రశ్న.

మన ప్రేమను బంధుత్వం అంటారు, వాళ్ల బంధుత్వాన్ని ప్రతిభ అంటారు.

దీనికి అమెరికాలో ఒక పాత ఉదాహరణ ఉంది. నల్లజాతి వారి పత్రిక పిట్స్‌బర్గ్ కొరియర్‌లో వెండెల్ స్మిత్, బాల్టిమోర్ ఆఫ్రో-అమెరికన్‌లో శామ్ లేసీ. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో నల్లవారిని ఎందుకు ఆడనివ్వరని ఏళ్ల తరబడి రాశారు. రాయడమే కాదు, ఆటగాళ్లను వెతికారు, జట్ల యజమానులతో మాట్లాడారు. జాకీ రాబిన్‌సన్ పేరును బ్రూక్లిన్ డాడ్జర్స్ అధిపతి బ్రాంచ్ రికీకి చెప్పినవాడు స్మిత్. 1947లో రాబిన్‌సన్ ఆడుతున్న ఏడాది స్మిత్ అతనితోపాటు ప్రయాణించాడు, డాడ్జర్స్ నుంచి డబ్బు కూడా తీసుకున్నాడు. ఈనాటి నియమావళి ముందు పెడితే స్మిత్ ఫెయిల్. వర్ణగీత ఉన్నంతకాలం దాని గురించి రాయకుండా స్కోర్లు రాసిన తెల్ల రిపోర్టర్లు పాస్. బేస్‌బాల్ రచయితల సంఘం నల్లవాళ్లకు తలుపు తీయడానికి 1948 దాకా పట్టింది. అంటే ప్రెస్ బాక్సు మైదానం కంటే వెనుకబడి ఉంది.

స్మిత్ డబ్బు తీసుకోవడం సరైనదని నేను వాదించను. అతను ఆ సంగతి పాఠకులకు చెప్పి ఉండాల్సింది. కానీ ఎవరి అనైతికత వల్ల ఎవరు నష్టపోయారో కొలిచే త్రాసు మన జర్నలిజం సిలబస్‌లో లేదు. కవర్ తీసుకున్నవాణ్ని పట్టుకునే నీతి ఉంది. పన్నెండు పేర్లను కళ్లు మూసుకుని మోసుకొచ్చినవాణ్ని పట్టుకునే నీతి లేదు.

‘అయితే దళిత విలేకరి దళిత ప్లేయర్ల గురించి పొగుడుతూ రాయాలంటావా?’ అని ఒక సెమినార్‌లో ఒక ప్రొఫెసర్ గారు అడిగారు. లేదు సార్. పొగడ్తలు ఇప్పటికే చాలా ఉన్నాయి. పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచాక ఎన్ని కథనాలు వచ్చాయో చూశాం. ఊళ్లో హేళన చేశారు, పొలం అమ్ముకున్నారు, కూలికి పోయారు, చివరికి గెలిచింది. ‘హేళన చేశారు’ అనే వాక్యానికి కర్త లేడు. ఊరు అంటే ఎవరు? అంతకుముందు ఆ పిల్ల పేరు జిల్లా పేజీలో ఎన్నిసార్లు వచ్చింది? పేదరికం గురించి రాయడానికి మనకు అభ్యంతరం లేదు, దానికి కారకులు కనిపించనంతవరకు. గెలిచినవాళ్ల మీద కన్నీటి కథనం రాసే ఒపిక ఉన్న పత్రికకు ఎంపిక జరిగే రోజు మధ్యాహ్నం రెండు దాకా నిలబడే ఓపిక ఎందుకు లేదు?

నేను అడిగేది చాలా మామూలు పని. క్రైమ్ రిపోర్టర్ ఎఫ్‌ఐఆర్ అడిగినట్టు ఆటల రిపోర్టర్ సెలక్షన్ షీటు అడగాలి. ఎంతమంది వచ్చారు, ఎవరు చూశారు, ఎన్ని మార్కులు వేశారు, కమిటీలో ఎవరెవరున్నారు, వాళ్లకు ఏ క్లబ్బుతో, ఏ కాలేజీతో సంబంధం ఉంది. జట్టులో ఎంపికైనవాళ్ల పేర్లతోపాటు ఎంపిక కానివాళ్లలో ఇద్దరితో మాట్లాడి రాయాలి. అసోసియేషన్ అధ్యక్షుడు ఆ పత్రికకు యాడ్ ఇస్తుంటే ఆ సంగతి వార్త కింద ఒక్క వాక్యంలో చెప్పాలి. ఆఖరిది ఏ యాజమాన్యమూ చేయదని నాకు తెలుసు.

యూనివర్సిటీల్లో ఉన్న మనం చేయగలిగింది కూడా ఉంది. మాస్ కమ్యూనికేషన్ శాఖల్లో ఎన్నికల కవరేజీ మీద, సినిమా మీద, సోషల్ మీడియా మీద థీసిస్‌లు కుప్పలు తెప్పలు. జిల్లా ఎడిషన్ల ఆటల పేజీని కూర్చుని లెక్కపెట్టినవాళ్లు నాకు ఇప్పటిదాకా తారసపడలేదు. నేను ఈ జూన్ నుంచి రెండు పత్రికల మా జిల్లా పేజీలను కత్తిరించి పెట్టుకుంటున్నాను. ప్రతి ఆటల వార్తలో నిర్వాహకుల పేర్లు ఎన్ని, క్రీడాకారుల పేర్లు ఎన్ని, మాట్లాడింది ఎవరు, ఫొటోలో పేరు లేని మనిషి ఎవరు అని నాలుగు గళ్లు గీసుకున్నాను. నా పీహెచ్‌డీ అంశం ఇది కాదు, గైడ్‌కు ఇంకా చెప్పలేదు. వేరే జిల్లాల వాళ్లు ఎవరైనా తమ ఊరి పేజీలతో ఇదే పని చేస్తే కలిపి చూద్దాం.

ఆ పన్నెండు పేర్ల వాట్సాప్ మెసేజ్ నా పాత ఫోన్‌లో ఉంది. పంపిన సమయం 11.34. పదమూడో పేరు నాకు గుర్తుంది కానీ ఇక్కడ రాయను, ఆమెను అడగకుండా రాసే హక్కు నాకు లేదు. ఆమె ఇప్పుడు ఎక్కడ ఉందో కనుక్కుంటున్నాను. హాస్టల్ వార్డెన్ బదిలీ అయి వెళ్లిపోయారు, పీఈటీ మేడం నంబరు దొరికింది.